‘గమ్మున’కు రెండో అర్థం

నేను చదివింది నాలుగో తరగతి. ఐదులో చేర్చిన వారానికే మా నాయనకు గొడ్ల దగ్గర మనిషి కావలసి వచ్చి బడి మాన్పించాడు. అలాంటి నేను ఆరేడేళ్లపాటు ఒక నిఘంటువుకు తనిఖీదారుగా పనిచేశాను. నవ్వదలచుకున్నవాళ్లు ఇక్కడే కాస్త నవ్వేసి రండి. ముందుముందు ఇంకా నవ్వాల్సి ఉంది, అప్పటికి ఊపిరి చాలదు.

మొన్న అనంతపురం నుంచి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఫోన్లో చూసుకునే యాస నిఘంటువు ఒకటి మొదలుపెడుతున్నారట. జనం మాటలు పంపుతారు, వీళ్లు సరిచూసి పెడతారు. “అవ్వా, ఈ పని మీరు చేసినారు కదా, మీ అనుభవం రాసియ్యండి” అన్నారు. అనుభవమంటే తప్పులే. నేను సరిగ్గా చేసిన పనులుంటే ఉండొచ్చు, వాటి సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. తప్పులు మాత్రం చెప్పులేసుకుని ఇంటికి వచ్చాయి. వాటిలో ఒకటి గంగన్న అనే గొర్రెలకాపరి కంటిచూపు మీదికి వచ్చింది. అది చెప్పడానికే ఇన్ని కాగితాలు ఖర్చుపెడుతున్నాను. మిగతాదంతా దానికి దారి.

ఫోనవ్వ

గోరంట్ల బస్టాండు ఎదురుగా షమీమ్ అనే ఆమెకు ఎస్టీడీ బూత్ ఉండేది. డిగ్రీ చదివిన మనిషి, అప్పటికి ముప్పై ఏళ్లుంటాయి. పల్లెల్లో ఇంకా ఫోన్లు రాని రోజులు. బెంగళూరుకు కట్టడాల పనికి పోయినవాళ్లు మా బూత్‌కు ఫోన్ చేసి, ఫలానా పల్లెలో ఫలానావాళ్లకు చెప్పండి అనేవాళ్లు. ఆ కబురు చీటీ మీద రాసి పల్లె బస్సు కండక్టరు చేతికి ఇవ్వడం నా పని. నా పేరు ఓబుళమ్మ అని మా ఇంట్లో తప్ప ఎవరికీ గుర్తులేదు. ఊరంతటికీ ఫోనవ్వనే.

నాకు పొదుపు ఒక జబ్బు. పాత కరెంటు బిల్లుల వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, దాన్ని చించి చీటీలు చేసేదాన్ని. అవతలివాళ్లు ఎంత చెప్పినా చీటీలో నాలుగు మాటలకు మించి రాయను. “అమ్మకు జ్వరం తగ్గింది, నిన్న రోంత సంగటి తినింది, మీరు దిగులు పెట్టుకోవద్దండి, ఉగాదికి అందరం వస్తాం” అని ఒకాయన ముక్కు చీదుకుంటూ చెబితే, నేను రాసింది “అమ్మ బాగుండాది.”

షమీమ్ చూసి నొసలు కొట్టుకుంది.

“అవ్వా, ఆయప్ప అంతసేపు ఏడుస్తా చెప్తే నువ్వు రాసింది రెండు మాటలా?”

“ఏడుపు రాసేకి అక్షరాలు యాడుండాయమ్మా? నాలుగో తరగతిలో అవి చెప్పల్యా.”

నేను గెలిచాననుకున్నాను. కాగితం మిగిలింది, సిరా మిగిలింది, చదివేవాడికి శ్రమ మిగిలింది. పోయినదేమిటో లెక్క చూసుకోలేదు. పొదుపుచేసేవాళ్లకు మిగిలిందే కనబడుతుంది.

గంపకు తనిఖీ

కొన్నేళ్లకు బూత్‌లో రెండు కంప్యూటర్లు వచ్చాయి. వాటి వెంట సోమశేఖర్ వచ్చాడు. మా గోరంట్లవాడే, బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం. సెలవులకు వచ్చినప్పుడు ‘యాసగంప’ అని ఒకటి పెట్టాడు. అది ఇంటర్నెట్లో ఉండే నిఘంటువు. ఏ ఊరివాళ్లయినా తమ ఊరి మాట, దాని అర్థం, ఎట్లా వాడతారో ఒక వాక్యం పంపొచ్చు. నచ్చినవాళ్లు బొటనవేలు గుర్తు నొక్కొచ్చు. బడి పుస్తకాల్లో దొరకని మాటలకు చోటు ఇవ్వాలని అతని ఆశ.

అతను బూత్‌లో కూర్చుని ఉన్నప్పుడు నేను కండక్టర్‌ను దులుపుతున్నాను. “ఏమప్పా, నిన్న పైటాల ఇచ్చిండే చీటీ మాపటేలకు గూడా ఇయ్యకపోతివే. యాడ పడేసినావు? రోంతన్నా బుద్ధుండల్ల కదా! అడిగితే ఎచ్చులు!” సోమశేఖర్ కీబోర్డు వదిలేసి చేతులు కట్టుకుని విన్నాడు.

“అవ్వా, ఈ మాటలన్నీ మర్చిపోయినా నేను. మా గంపలో పడే మాటలు నువ్వు రోంత చూసిపెట్టు. మంచివేవో తాలువేవో తనిఖీ చెయ్యి.”

“గంపకు తనిఖీ ఏముందిరా. పురుగుంటే ఏరేసేది.”

నా ఇంటర్వ్యూ అదే, శిక్షణ అదే. మరుసటి రోజు నుంచి పని మొదలు. మధ్యాహ్నం బూత్ ఖాళీగా ఉన్నప్పుడు షమీమ్ తెర మీద మాట చదివేది. నేను విత్తనానికి చెనిక్కాయలు, అదే వేరుశనగ, ఒలుస్తూ “ఉండనీ” అనో, “కొట్టెయ్” అనో చెప్పేదాన్ని. మూడో జవాబు ఉండేది కాదు. గట్టి పప్పు ఒక చేటలోకి, తాలుది ఇంకో చేటలోకి పోయినట్టే మాటలూ పోయేవి. చెనిక్కాయకు, మాటకు తేడా ఉందని తెలియడానికి నాకు ఏళ్లు పట్టింది. తాలు కాయ ఏ ఊరికి పోయినా తాలే. మాట అట్లా కాదు.

రోజూ తినే సంగతి

ఆ రోజుల్లో మా కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు సరిగా వచ్చేవి కావు, డబ్బాలు డబ్బాలుగా కనబడేవి. అందుకని అందరూ తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో పంపేవాళ్లు. నాకు ఇంగ్లీషు రాదు. షమీమ్‌కు వచ్చు గానీ, ఇంగ్లీషులో ‘ట’ ఏదో ‘త’ ఏదో ఆమెకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

ఒకరోజు ఆమె చదివింది: “సంగతి. అర్థం, రోజూ తినేది. వాడుక, సంగతి లేనిదే మా ఇంట్లో పొద్దు పోదు.”

నేను కాయ ఒలవడం ఆపాను. ఎంత పెద్ద మాట! మనిషి రోజూ తినేది సంగతులే కదా. మా వీధిలో ఫలానా ఆమె సంగతి, ఫలానా ఇంటి సంగతి తినకుండా ఎవరికి పొద్దు పోయింది? రాసినవాడెవడో అనుభవం ఉన్నవాడు అనుకుని “ఉండనీ” అన్నాను. అంతటితో ఆగానా? “దానికి నక్షత్రం పెట్టు” అని కూడా అన్నాను.

అది చాలా నెలలు అట్లాగే ఉంది. హైదరాబాదు నుంచి ఎవరో ‘ఎంత లోతైన భావం’ అని రాశారు. బొటనవేళ్లు కుప్పలు పడ్డాయి. చివరికి ఆ మాట పంపిన మడకశిర ఆయన ఉత్తరం రాశాడు. “అమ్మా, నేను పంపింది సంగటి. రాగిసంగటి. దాన్ని సంగతి చేసినదెవరు? మా ఇంట్లో నన్ను ఎగతాళి చేస్తున్నారు.”

మూడు పూటలా సంగటి ముద్ద మింగి పెరిగిన దాన్ని, నా కంచంలో ముద్దను నేనే గుర్తుపట్టలేకపోయాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెప్పేది ఒకటి. మాట మరీ లోతుగా కనబడితే, ముందు స్పెల్లింగు చూసుకోండి.

తిట్ల తగాదా

యాస అంటే జనానికి ముందు గుర్తొచ్చేది తిట్లు. గంప నిండా అవే వచ్చిపడేవి. షమీమ్ వాటిని నా చెవి దగ్గర గొణిగేది. నేను అన్నిటినీ కొట్టెయ్ కొట్టెయ్ అన్నాను. పెద్దమనిషి తరహా చూపించాలి కదా! ఒక నెల గడిచాక సోమశేఖర్ ఫోన్ చేశాడు.

“అవ్వా, తిట్లన్నీ యాడికి పోయినాయి?”

“గలీజు నాయనా, తీసేస్తి.”

“నువ్వు కండక్టర్‌ను తిట్టినావనే కదా నిన్ను ఈ పనిలో పెట్టుకున్యా! తిట్లు లేకుంటే అది సీమ నిఘంటువెట్ల అవుతుంది, భజన పుస్తకం అవుతుంది గానీ.”

సరేనని మళ్లీ ఒక్కొక్కటీ చదివించుకున్నాను. అప్పుడు నాకు ఇంకో రకం కోపం వచ్చింది. ఈ పిల్లలకు తిట్టడం కూడా రాదు! ‘నీ పాడె గట్ట’ అన్నదానికి ‘నువ్వు చనిపోవాలని శాపం’ అని రాశారు. ఎవరు చెప్పారు వీళ్లకు? నేను మా మనవరాలిని రోజూ అదే మాటతో నిద్రలేపుతాను. షమీమ్ చేత ఇట్లా మార్పించాను: ‘బయటివాళ్లతో అంటే కోపం, ఇంట్లోవాళ్లతో అంటే ముద్దు.’ నా ఉద్యోగంలో నేను రాయించిన మంచి అర్థం అదొక్కటే. అందులో ‘ఎవరితో’ అన్నది ముఖ్యమని నాకే తట్టింది. తట్టి, ఆ సాయంత్రానికే మర్చిపోయాను.

సోమశేఖర్ గురించి ఒక మాట. మంచివాడే, మాటల మీద ప్రేమ ఉంది. కానీ అతనికి గంప నిండాలి. ఈ నెల ఎన్ని పడ్డాయి, పోయిన నెలకన్నా ఎక్కువా తక్కువా, అదే ధ్యాస. నాకేమో గంప ఖాళీగా ఉండాలి. ఇద్దరి మధ్య షమీమ్ ఒక్కతే ఆ మాటలు చదివేది. నా అసలు పైఅధికారి ఆమేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. గంప మూతపడిన తర్వాత ఒప్పుకుంటే ఆమెకు ఒరిగేదేమీ లేదు, అయినా.

నా పేరు మీద ఒక మాట

నేను కొట్టేసిన మాటల వాళ్లు ఊరుకోలేదు. హిందూపురం కాలేజీ పిల్లలు ఒకరోజు కొత్త మాట పంపారు. షమీమ్ చదవబోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఏమ్మా, చదువు.”

“ఓబుళించు. అర్థం, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినకుండా సగానికి కత్తిరించు. వాడుక, మా సారు నా జవాబును ఓబుళించి సున్నా వేసినాడు.”

“కొట్టెయ్!”

“అవ్వా, వాడుక ఇంగోటి ఉండాది, అది గూడా…”

“కొట్టెయ్ అంటి కదా!”

ఆ సాయంత్రం సోమశేఖర్ ఫోన్లో పడీ పడీ నవ్వాడు. “అవ్వా, పూర్తిగా వినకుండా కొట్టేసినావంటనే. ఆ మాటకు అంతకంటే మంచి రుజువు యాడ దొరుకుతుంది?”

నేను ఫోన్ పెట్టేశాను. అంటే అతన్నీ ఓబుళించాను.

గుంతకల్లు నుంచి వచ్చిన అర్థం

ఇక అసలు సంగతికి వస్తాను. ఈసారి ‘త’ తోనే.

మా వైపు ‘గమ్మున’ అంటే మాట్లాడకుండా, చప్పుడు చేయకుండా. పిల్లలు అల్లరి చేస్తే ‘గమ్మునుండు’ అంటాం. నేను జీవితంలో ఎక్కువసార్లు అన్న మాట ఇదే అయి ఉంటుంది. గంపలో ఆ మాట నేనే వేయించాను. ‘వాడుక: అవ్వ మాట్లాడుతుంటే గమ్మునుండు.’

దాని కింద రెండో అర్థం ఒకటి వచ్చింది. ‘గమ్మున అంటే త్వరగా. వాడుక: బండి కదుల్తోంది, గమ్మున ఎక్కు.’ పంపినాయన పేరు సత్యనారాయణ. గుంతకల్లులో రైల్వే ఉద్యోగి, సొంత ఊరు గోదావరి వైపు.

“త్వరగానా?” అన్నాను. “గమ్మునుండు అంటే తొందరగా ఉండు అనా? తిక్క గాని పట్టిందేమో ఆయప్పకు. కొట్టెయ్.”

ఆయన మళ్లీ పంపాడు. మళ్లీ కొట్టేశాను. మూడోసారి ఉత్తరమే రాశాడు. “అమ్మా, మా వైపు అందరం అట్లానే అంటామండీ. ఇక్కడ గుంతకల్లులో కూడా మా రైల్వేవాళ్లు సగంమంది ఆ వైపువాళ్లే. మీరు విననంత మాత్రాన మాట లేకుండా పోదు కదండీ.”

షమీమ్ అంది, “ఉండనీ అవ్వా, పక్కన ఇంగో అర్థం ఉంటే మనకేమి బరువు?”

“ఒక మాటకు ఒక అర్థం చాలు. రెండెందుకు? ఆయప్ప అర్థం ఆయప్ప ఊర్లో పెట్టుకోమను.”

చూశారా, పొదుపు! ఒకటి ఉండగా రెండోది దండగ అనిపించింది నాకు.

గంగన్నకు చీటీ

గోరంట్లకు ఐదారు మైళ్ల దూరంలో ఒక పల్లె. గంగన్నది ఆ పల్లె. ఎడమ కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. కుడికంట్లో గొర్రెలకు తుమ్మకొమ్మలు కొడుతుండగా ముల్లు గుచ్చుకుని తెల్లగా పొర కట్టింది. వెలుతురు, నీడ తెలుస్తాయి, అంతే. గొర్రెలను అరుపును బట్టి గుర్తుపట్టేవాడు. ఆ గొర్రెలే అతనికి బతుకు. అతని అన్న హనుమన్న మాత్రం, “ఈ ఎండాకాలం దాకా చూస్తా. అప్పటికీ చూపు రాకుంటే మంద అమ్మేస్తా. గుడ్డివానితో గొర్రెలు మేపించినానంటే ఊరు నా మొగాన ఊంచుతుంది” అని తేల్చేశాడు.

మందుల కోసమని అన్నకు చెప్పి పోతే, బెంగళూరు కంటాసుపత్రిలో గంగన్న పేరు రాసుకున్నారు. చనిపోయినవాళ్ల కన్ను ఎవరిదైనా దొరికితే ఆ పొర మార్చి చూపు తెప్పిస్తారట. దొరికినప్పుడు కబురు చేయడానికి వాళ్లు రాసుకున్న నంబరు మా బూత్‌ది.

నేను సత్యనారాయణగారి అర్థాన్ని మూడోసారి కొట్టేసి నెల కూడా కాలేదు. మధ్యాహ్నం షమీమ్ అన్నానికి ఇంటికి పోయింది. ఫోన్ మోగింది. ఆడపిల్ల గొంతు, తియ్యగా ఉంది.

“కంటాసుపత్రి నుంచండీ. మీ గంగన్నగారిని గమ్మున రమ్మనండి. ఎందుకంటే…”

“సరేమ్మా, చెప్తాం” అని పెట్టేశాను. ఫోన్ చేసింది వాళ్లు, ఖర్చు వాళ్లది. అయినా పెట్టేశాను. పరాయి దుడ్లు కూడా నా చెవిలో ఖర్చు కాకూడదు.

కరెంటు బిల్లు వెనక రాశాను: ‘గంగన్నకు. కంటాసుపత్రికి గమ్మున రావల్లంట.’ కండక్టరు చేతిలో పెట్టాను. పల్లెలో అంగడి ఆయన గంగన్నకు చదివి వినిపించాడు.

మూడో రోజు పొద్దున గంగన్న సంచి చంకన పెట్టుకుని గోడ తడుముకుంటూ బూత్‌కు వచ్చాడు.

“ఏమప్పా గంగన్నా, ఇంగా పోల్యా నువ్వు?”

“ఇబ్బుడు పోతాండా అవ్వా. గమ్మున రమ్మన్యారు కదా. మా అన్న మడకశిర సంతకు పొయ్యేదాకా కాసుకోనుండి, ఎవురికీ తెలీకుండా వచ్చినా.”

“ఎవురికీ చెప్పల్యా?”

“సచ్చిపోయినోళ్ల కన్ను కదవ్వా. మా అన్న ఒప్పుకుంటాడో లేదో. ఆసుపత్రోళ్లు గూడా దానికే గమ్మున రమ్మన్యారేమో అనుకొంటి.”

“మంచి పని చేసినావు. బుద్ధిమంతుడివి” అన్నాను. అవును, మెచ్చుకున్నాను. నాకూ అదే అర్థం తోచింది మరి. ఆసుపత్రివాళ్లకు ఎంత మర్యాద, ఎంత గుట్టు అని లోపల వాళ్లనూ మెచ్చుకున్నాను.

ఈయన బయలుదేరుతున్నాడని చెప్పడానికి షమీమ్ ఆసుపత్రికి ఫోన్ చేసింది. వింటూ వింటూ ఆమె ముఖం మారిపోయింది. ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది.

“ఇప్పుడాండీ?” అంటోంది ఆ పిల్ల. “మొన్ననే గమ్మున రమ్మన్నానుగా! ఆ కన్ను ఎక్కువ రోజులు నిలవుండదండీ. ఎదురుచూసి ఎదురుచూసి, నిన్న సాయంత్రం వరసలో తర్వాతవాళ్లకి వేసేశారండీ. ఎందుకు ఆగిపోయారండీ ఆయన?”

షమీమ్ నా వైపు చూడకుండా, మెల్లగా అంది. “అవ్వా, ఆయమ్మది గూడా గోదావరి యాస. ఆయమ్మకు గమ్మున అంటే బిరీన అని.”

గంగన్నకు నేనే చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది, తిట్లు తనిఖీ చేసే మనిషిని, తట్టుకునేదాన్ని. అతను సంచి ఆ చేతిలో నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు.

“పోనీలే అవ్వా. ఎవురికో ఒగరికి చూపొచ్చింది కదా” అన్నాడు. గోడ తడుముకుంటూ వెనక్కు పోయాడు. ఎండాకాలానికి ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి.

మళ్లీ బడి

ఆ మధ్యాహ్నం షమీమ్‌ను పిలిచి రెండు పనులు చెప్పాను. సత్యనారాయణగారి అర్థం మళ్లీ పెట్టమన్నాను. ‘ఓబుళించు’ను కూడా మళ్లీ పెట్టమన్నాను.

“దానికి వాడుక ఏమి రాయల్ల అవ్వా?”

“గంగన్నకు వచ్చిన కబురును ఫోనవ్వ ఓబుళించింది. అట్లా రాయి.”

“పూర్తిగానా?”

“పూర్తిగా. ఒగ మాట గూడా తగ్గించొద్దు.”

సత్యనారాయణగారికి తప్పయిందని ఉత్తరం రాశాను. ఆయన జవాబిచ్చాడు. “మీరు మన్నించమనడం ఏంటండీ, పెద్దవారు. మీ మొదటి అర్థం మా ఆవిడ గుంతకల్లు వచ్చాక నేర్చుకుందండీ. రోజూ నా మీదే వాడుతోంది.”

అప్పటి నుంచి “ఉండనీ”, “కొట్టెయ్” అనే ముందు మూడు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను. ఈ మాట ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఏ ఊళ్లో అన్నారు? పని మెల్లగా సాగింది. చెనిక్కాయలు ఒలిచేది పక్కన పెట్టాను. చీటీలు మాత్రం పెద్దవయ్యాయి. కండక్టరు చూసి, “ఏమవ్వా, చీటీకి గూడా టికెట్టు కొట్టల్లా?” అన్నాడు. నేను చీటీని ఇంకో మడత పెట్టి అతని జేబులో పెట్టాను.

ఎండలు ముదిరాయి. హనుమన్న మంద కోసం బేరగాళ్లను పిలుస్తున్నాడని కండక్టరే చెప్పాడు. ఫోన్ మోగినప్పుడల్లా షమీమ్ కంటే ముందు నేనే అందుకునేదాన్ని. ఒకరోజు ఆ తియ్యటి గొంతు మళ్లీ వచ్చింది.

“అమ్మా, కంటాసుపత్రి నుంచండీ. గంగన్నగారిని గమ్మున…”

“ఆగమ్మా! గమ్మున అంటే బిరీననా, చప్పుడు చేయకుండానా?”

“వెంటనే అండీ, వెంటనే! ఇప్పుడే బయల్దేరాలి.”

“తోడు ఎవురన్నా రావల్లనా? ఏమేమి తెచ్చుకోవల్ల? రేపు పొద్దునకు చేరితే చాలునా? యాడికి రావల్ల, ఎవురిని అడగల్ల?” ఆ పిల్ల అన్నీ చెప్పి, “ఇంకేమైనా ఉందాండీ, లేకపోతే పెట్టెయ్యనా?” అని నవ్వింది. ఒకరు నన్ను అనుమతి అడిగి ఫోన్ పెట్టడం అదే మొదలు.

చీటీని నమ్మలేదు. పల్లె బస్సు పోయింది, మళ్లీ సాయంత్రానికి గానీ లేదు. ఆటో ఎక్కాను. నేను ఒక్కదాన్నే ఆటోలో పోవడం చూసి బస్టాండులో వాళ్లు నాకేదో అయిందనుకున్నారట.

గుట్ట కింద, మంద దగ్గర గంగన్న, హనుమన్న ఇద్దరూ ఉన్నారు. దూరం నుంచే అరిచాను. “గంగన్నా, ఆసుపత్రోళ్లు ఫోన్ చేసినారు! గమ్మున రా!”

గంగన్న గభాలున నోటి మీద వేలు పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి, “అవ్వా, మెల్లగా. మా అన్న ఈడనే ఉండాడు” అన్నాడు.

“ఆ గమ్మున కాదురా, నీ పాడె గట్ట! బిరీన! ఇబ్బుడే!”

హనుమన్న కర్ర ఊతం చేసుకుని ముందుకు వచ్చాడు. “ఏందవ్వా ఇది? నా ఎనక ఏమి నడస్తాండాది?”

ఇక దాచేదేముంది. మొదటి ఫోన్ దగ్గర నుంచి అంతా చెప్పాను. ఒక్క ముక్క తగ్గించలేదు. నేను చేసిన తప్పు దగ్గర గొంతు కూడా తగ్గించలేదు. “సచ్చినోళ్ల కన్ను పెడతారంట నీ తమ్మునికి. నువ్వు ఒప్పుకోవని అబ్బుడు గమ్మునుండిపాయ. ఇబ్బుడు చెప్పు, అవునా కాదా?”

హనుమన్న తమ్ముడి వైపు తిరిగాడు.

“నన్ను అడిగితివా రా నువ్వు? అడగకనే వద్దంటానని నీకెవురు చెప్పినారు?” కర్ర భుజాన వేసుకుని, “ఆ సచ్చినాయప్ప చూసేదంతా చూసినాడు. మిగిలింది నువ్వు చూడు. పద, నేనొస్తా” అన్నాడు.

మందను పక్క పొలం ఆమెకు అప్పజెప్పి, ఇద్దరూ నా ఆటోలోనే ఎక్కారు.

చీటీ

చూపు ఒక్కరోజులో రాలేదు. కుట్లు, చుక్కలమందులు, బెంగళూరుకు మళ్లీ మళ్లీ తిరగడం, నెలలు పట్టింది. మంద అమ్మలేదు. బేరగాళ్లను హనుమన్నే పంపించేశాడు.

వానలు పడ్డాక ఒకరోజు గంగన్న బూత్‌కు వచ్చాడు. గోడ తడుముకోకుండా మెట్లెక్కాడు. నా ఎదురుగా కూర్చుని నా ముఖం తేరిపార చూశాడు.

“ఏమప్పా, కనపడతాండానా?”

“కనపడతాండావవ్వా. గొంతును బట్టి నువ్వు ఇంగా లావుగా ఉంటావనుకొంటి.”

షమీమ్ కంప్యూటర్ వెనక నుంచి పకపకా నవ్వింది. గంగన్న నడుముకున్న వక్కాకు సంచి విప్పి, అడుగు నుంచి మడతపెట్టిన కాగితం తీశాడు. నేను మొదటిసారి పంపిన చీటీ. మరకలు పడి, మడతల దగ్గర చిరిగి ఉంది.

“దీన్ని ఇన్ని దినాలు ఎందుకు దాసినావప్పా?”

“చూపొచ్చినాక చూస్తామని.”

దాన్ని నా బల్ల మీద పరిచి చేత్తో సాపు చేశాడు. చదువు రానివాడు. అక్షరాలున్న మూల మీద ఒకసారి వేలు పెట్టి, అక్కడ నుంచి ఖాళీగా ఉన్నదంతా మెల్లగా నిమిరాడు. చీటీని వెలుతురుకు ఎత్తి కుడికన్ను దగ్గర పెట్టుకున్నాడు.

“నాకు అక్షరాలు రావు గానీ అవ్వా,” అన్నాడు, “ఇంత జాగా మిగిలిండాదే. ఇంగో రెండు మాటలు పట్టేటివి కదా?”

నేను గమ్మునుండిపోయాను. మొదటి అర్థంలో.